నాకు కనిపించిన నాన్న

ఆ రోజు వంటింట్లో మా తోడికోడలి చేతిలోంచి బిందె జారింది. అంతే. మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తున్న నాకు గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, లేవబోతే కాళ్లు రాలేదు. మా ఆయన వచ్చి రెక్క పట్టుకుని పైకి లాగాడు. "దవాఖానకు పోదాం పా. గుండె సంగతి ఆట గాదు" అన్నాడు.

గద్వాలలో ఇసీజీ తీశారు, టూడీ ఎకో తీశారు, రక్తపరీక్షలు చేశారు. అన్నీ నార్మల్. అయినా నాలుగు రోజులకోసారి అదే తీరు. చివరికి డాక్టరు "ఇది పానిక్ అటాక్ అమ్మా, సైకియాట్రిస్టుకు చూపించండి" అని మహబూబ్‌నగర్‌కు రాసిచ్చారు. పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నానంటారని వీధిలో ఎవరికీ చెప్పలేదు.

అక్కడి డాక్టరమ్మ చిన్నప్పటి సంగతులు అడిగింది. చెప్పాను. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ వంటింట్లో చేతిలోని బిందెతో సహా కుప్పకూలింది. నాన్నా, నాన్నా అని అరిచాను. నాన్న మగ్గం ఆపలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ దక్కలేదు. ఆ నాన్నే ఇప్పుడు మా ఇంట్లో ఉంటున్నాడు. వేళకు అన్నం పెడతాను, మాట్లాడను.

"మీరు అబద్ధం చెబుతున్నారని అనట్లేదు. కానీ అంత ట్రామాలో చిన్నపిల్లలకు చూసింది, విన్నది, తర్వాత అనుకున్నది కలిసిపోతాయి. ఆ రోజు ఉన్నవాళ్లను ఒకసారి అడగండి" అంది డాక్టరమ్మ.

నాకు ఒళ్లు మండింది. నా కళ్లతో నేను చూసింది కాదంటుందేమిటి! పైగా ఆమె రాసిచ్చిన మాత్రలకు పొద్దంతా మత్తు. నెల తిరక్కుండానే నా అంతట నేనే మానేశాను. కొత్తకోట దగ్గర బస్సులో మళ్లీ వచ్చింది, ఈసారి మరీ గట్టిగా. డాక్టరమ్మ కోప్పడి డోసు మార్చింది. అప్పటికే విసిగిపోయి ఉన్నాను. ఇదీ చూద్దామని, పుట్టింటి పక్కనుండే పెద్దమ్మను వెళ్లి అడిగాను.

"మీ నాయిన ఆ దినం ఇంట్ల యాడుండె బిడ్డా? చీరలిచ్చి రానీకి వనపర్తి పాయె. నువ్విన్నది మా మగ్గం సప్పుడు. నడుమ ఒకటే గోడ గదా. గా సప్పుడుల నీ అరుపు మాకు ఇనరాలె" అని ఏడ్చింది.

ఇంటికొచ్చి నాన్నకు అంతా చెప్పాను. ఇన్నేళ్లు నేనేమనుకున్నానో కూడా చెప్పాను. ఆయన అన్నాడు:

"నాకు ఎరుకే. చిన్నగున్నప్పుడే ఒకపారి అన్నవ్. నేను ఇంట్ల ఉంటే మీ అమ్మ బతుకుతుండెనేమో. గందుకే ఆ మాట పడాల్సిందే అనుకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది.

ఇప్పుడు అటాక్‌లు తగ్గాయి. మాత్ర ఒక్కటే. కానీ నిజం తెలిసినంత మాత్రాన ఆ దృశ్యం చెరిగిపోలేదు. కళ్లు మూసుకుంటే నాన్న ఇంకా మగ్గం మీదే ఉంటాడు. అలాంటప్పుడు లేచి ముందుగదిలోకి పోయి ఆయన్ను చూసొస్తాను.

చిన్ననాటి జ్ఞాపకం ఏదైనా మిమ్మల్ని ఇలా పీడిస్తుంటే, మందులు మానకుండా, ఆ రోజు దగ్గరున్నవాళ్లను అడగండి. వాళ్లు ఉండగానే అడగండి. మా నాన్నకు వినికిడి పోతోంది. ఇన్నేళ్లు మాట్లాడనివన్నీ ఇప్పుడు వీధికంతా వినపడేలా అరిచి చెబుతున్నాను.