ఉప్పు వేయకముందు తీసిన గిన్నె

ఎండుమిరపకాయలు పెనం మీద వేగుతున్నాయి. ఆ ఘాటుకి ఇంట్లోవాళ్లంతా దగ్గుతూ వీధిలోకి పారిపోయారు. నాకు మాత్రం ఈ దగ్గు వచ్చిందంటే లోకనాథం మావ పక్కనే పీట మీద కూర్చున్నట్టుంటుంది. "మాడనీకు కోడలా, సేదొచ్చేస్తాది!" అని కసిరినట్టే ఉంటుంది.

మావ మాకు చుట్టం కాదు, కవిటిలో మా పక్కింటాయన. ఓడల్లో వంటవాడిగా దేశాలన్నీ తిరిగాడు. మెక్సికోలో ఏదో రేవు దగ్గర పూటకూళ్ల ఇల్లు నడిపే ముసలామె దగ్గర, నేనిప్పుడు వండుతున్న ఈ కోడికూర నేర్చుకున్నాడట. నేను పెళ్లై ఈ ఊరు వచ్చేసరికే ఆయన ఓడలు మానేసి, వారం వారం డయాలసిస్‌కి తిరుగుతున్నాడు. మా ఉద్దానంలో అదేమీ వింత కాదు, కిడ్నీలు పాడైనవాళ్లు వీధికి ఒకరైనా ఉంటారు.

నాకు వంట రాదని మా అత్తగారు ఊరంతా చాటింపు వేస్తే, మావ గోడ మీంచి పిలిచాడు. "ఇలా రా. ఎవులికీ రానిది నీకు నేర్పుతాను." మిరపకాయల గింజలు దులిపి, వేయించి, వేడినీళ్లలో నానబెట్టాలి. టమాటాలు, ఉల్లి, వెల్లుల్లి నిప్పుల మీద నల్లగా కాల్చాలి. దాల్చినచెక్క, జీలకర్ర చేర్చి అన్నీ రోట్లో రుబ్బి, ఆ ముద్ద నూనెలో బాగా మగ్గాక కోడిముక్కలు వేసి, నీళ్లు పోసి సన్నని సెగ మీద వదిలేయాలి. మెక్సికో మిరపకాయలు మనకెక్కడివి మావా అంటే నవ్వేశాడు. "సోంపేట సంతలో కాయల్లేవేటి? ఆ ముసల్ది ఆల ఊరి కాయలేసింది, మనం మన ఊరి కాయలేద్దుం."

ఆయన భార్య నూకమ్మత్తకి మావంటే ప్రాణం. ఉప్పు తింటే చాలు, ఆయన కాళ్లు ఉబ్బిపోయి ఆయాసం వచ్చేసేది. అందుకని ఆవిడ ఒకరోజు ఉప్పుజాడీ ఎత్తుకొచ్చి మా వంటింట్లో పెట్టింది. "ఆయనేడిసినా ఇయ్యకు. నానేడిసినా ఇయ్యకు" అంది.

అప్పట్నుంచీ మావ ఉప్పు లేకుండానే వండేవాడు. తనకని చిన్న గిన్నెలో రెండు ముక్కలు ముందే తీయించుకునేవాడు. తర్వాత నేను జాడీ తెచ్చి మిగతా కూరలో ఉప్పు కలిపి రుచి చూసేదాన్ని. ఆయన కళ్లార్పకుండా నా మొహంలోకే చూసేవాడు.

"కుదిరిందేటి?"

"కుదిరింది మావా."

"మరి కళ్లు మూసుకోవేటి? బాగుంటే కళ్లు మూతపడిపోవాల గదే!"

నవ్వలేక నవ్వేదాన్ని. ఆ చూపు తట్టుకోవడం నావల్ల అయ్యేది కాదు.

ఆయన చూసిన చివరి ఎండాకాలంలో, అత్త నీళ్లకి వెళ్లిన వేళ, మావ గోడ పట్టుకుని నిలబడ్డాడు. "సిటికెడు సాలు. ఒక్క ముక్క మీద. ఆ కూర రుసి మర్సిపోతన్నాను కోడలా." తల అడ్డంగా ఊపాను. "నువ్వియ్యవులే. అందుకే గదా నూకమ్మ నీకాడ ఎట్టింది" అని మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు. నేను పొయ్యి ముందు కూర్చుని భోరున ఏడ్చాను.

మావ పోయాక, చిన్నదినం నాడు కాకికి పెట్టడానికి ఆ కూర నేనే వండాను. పోయినవాళ్లకి పెట్టేది ముందుగా ఎవరూ నోట పెట్టకూడదు కదా, రుచి చూసేది లేదు. కూర ఉడుకుతుంటే నూకమ్మత్త వచ్చి నా పక్కన కూలబడింది.

"ఉప్పు తే" అంది.

జాడీ తెచ్చాను. పిడికిలి నిండా తీసి కూరలో వేసింది. అయ్యో అత్తా, అని చెయ్యి పట్టుకోబోయాను.

"తిననీవే. ఇంకేటవుతాది మీ మావకి?" అంటూ ఇంకో పిడికిలి వేసింది.

కొబ్బరితోటలో ఆకు పెట్టాం. కాకి ముట్టింది. తర్వాత అందరం భోజనాలకి కూర్చున్నాం. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు! అయినా అందరూ నీళ్లు తాగుతూ, తలలు వంచుకుని, చివరిదాకా తిన్నారు.

జాడీ ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. తీసుకెళ్లమంటే అత్త "ఉండనీ" అంటుంది. ఈ కూర వండిన ప్రతిసారీ ఉప్పు వేయకముందే రెండు ముక్కలు చిన్న గిన్నెలోకి తీస్తాను. మిగతాది మావాళ్లు లొట్టలేసుకుంటూ తింటారు. ఆ గిన్నె నేను తింటాను. కారం ఒక్కటే నాలుకకి తగులుతుంది, తక్కినదంతా చప్పన. మావ అన్నేళ్లూ తిన్నది ఇదే.