మేక లేని సీను

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను గద్వాలకు పంపారు. ఒక యానిమేషన్ సినిమాకు గొంతులు రికార్డు చేయాలి. అప్పటికి నేను సీనియర్ సౌండ్ రికార్డిస్టును. మామూలు సినిమాలో షూటింగ్ ముందు, డబ్బింగ్ తర్వాత. యానిమేషన్‌లో గొంతే ముందు. దాన్ని విని చిత్రకారులు పెదాల కదలిక గీస్తారు.

కథ ఒక ముసలమ్మది, ఆమెతో మాట్లాడని కూతురిది, ఆ ఇద్దరి మధ్య పెరిగే మనవరాలిది. నటులు వద్దు, గద్వాల మాట కావాలని దర్శకురాలు ఒక నేత ఇంటి తల్లీకూతుళ్లను ఎంచుకుంది. తల్లి నర్సమ్మ, కూతురు పద్మ. వాళ్లు నిజంగానే మాట్లాడుకోరని మాకెవరూ చెప్పలేదు. కరోనాలో తండ్రి పోతే నర్సమ్మ కబురు చేయలేదు. ఉప్పునుంతలలో అత్తగారింట ఉన్న పద్మకు అంతా అయిపోయాక తెలిసింది. అయినా ఆమె పుట్టింటికి తిరిగి వచ్చింది. గద్వాల చీర నడుమ నూలు, అంచు పట్టు. రెంటినీ కలిపి నేయడానికి మగ్గం దగ్గర ఇద్దరు కావాలి, తండ్రి పోయాక ఆ రెండో మనిషి పద్మే.

ఇంట్లో రాణి అనే మేక ఉండేది. తల్లీకూతుళ్ల మాటలు దాని ద్వారా నడిచేవి.

"రాణీ, కండెల నూలు అయిపోయిందని చెప్పు దానికి."

"రాణీ, నాకు కండ్లున్నయని చెప్పు ఆమెకు."

రికార్డింగూ అంతే. స్క్రిప్టులో ఉన్నది "బిడ్డా, అన్నం తిన్నవా?" అని. నర్సమ్మ మైకు ముందు "రాణీ, అన్నం తిన్నదేమో అడుగు" అంది. ఎన్ని టేకులు తీసినా మారలేదు. చివరికి దర్శకురాలు మేకను కథలో పెట్టింది. హైదరాబాద్ నుంచి చిత్రకారులు చెవుల కొలతలు అడిగారు. నిర్మాత ఫోన్ చేసి, మూడు తరాల కథలో ఈ మేక ఏ తరానికి చెందుతుందని అడిగాడు.

ఆఖరి సీనులో తల్లి కూతురికి మనసు విప్పాలి. ఆ పూట మేక మేతకు పోయింది. అది లేనిదే ఇద్దరూ నోరు తెరవలేదు. ఈలోగా గది నిశ్శబ్దం రికార్డు చేస్తానన్నాను. ప్రతి గదికీ ఒక నిశ్శబ్దం ఉంటుంది. మాటల మధ్య అతుకులకు దాన్నే వాడతాం. అది తీసేటప్పుడు ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. ఆ ఏడాదే నా భార్య పోయింది. మా ఇంట్లో ఆ నిశ్శబ్దం అడగకుండానే దొరికేది. చెయ్యెత్తి రికార్డర్ నడిపాను.

కాసేపటికి నర్సమ్మ అంది: "నువ్వొస్తే నీకు గూడ అంటుకుంటదని చెప్పలే బిడ్డా. ఇద్దర్ని పోగొట్టుకునే ధైర్యం నాకు లేకుండె."

పద్మ మగ్గం వైపే చూస్తూ అడిగింది: "మరి ఒక్కదానివే ఎట్ల ఉంటివే అమ్మా?"

"ఎట్లనో ఉంటి. జర సప్పుడు చెయ్యకు, సార్ చెయ్యెత్తిండు."

నేను చెయ్యి దించలేదు. తర్వాత పద్మ "అది సినిమాకు గాదు సార్" అంటే ఆ ముక్క చెరిపేశాను.

మర్నాడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని సీను చక్కగా చెప్పారు. అది పనికిరాలేదు. ముందు సీన్లన్నింటిలో మేక ఉంది గనక ఇదీ మేకతోనే చెప్పమని బతిమాలాల్సి వచ్చింది.

"మేం మంచిగ మాట్లాడుకుంటుంటే నడుమల మేకెందుకు సార్?" అని పద్మ కోప్పడింది.

గది నిశ్శబ్దాన్ని అన్నిటికన్నా చివర తీయడం మా వాడుక. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను దాన్ని ముందే తీశాను, ఎవరి దగ్గరైనా ఆగిపోయిన మాట ఉంటే అప్పుడే బయటికొస్తుందని.