మా అవ్వ బుగ్గలో చింతపిక్క

మా అవ్వ కుళ్ళాయమ్మ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. మనిషి బక్కపలచన. మాట మాత్రం మగ్గం చప్పుడును దాటి వీధి చివరిదాకా వినబడుతుంది. అట్లాంటిది మొన్న వేసవిలో ధర్మవరం నుంచి హిందూపురం దాకా బస్సులో నోరు విప్పలేదు. కిటికీ సీటు కోసం కూడా పోట్లాడలేదు. అవ్వకు భయం పట్టుకుందని అప్పుడే నాకు తెలిసిపోయింది.

అవ్వ ఎడమ బుగ్గ లోపల చింతపిక్కంత గడ్డ ఉంది. ఆవలించినప్పుడు మా అమ్మ పద్మజ కంటబడింది. అవ్వకు ఆకూవక్కతో పాటు పొగాకు కూడా పడాలి. అందుకని పైకి ఎవరూ అనకపోయినా ఇంట్లో అందరి మనసులోనూ క్యాన్సర్ అన్న మాటే మెదిలింది. మర్నాడే హిందూపురంలో పళ్ల డాక్టరు రాఘవేంద్ర దగ్గరికి అమ్మ మమ్మల్ని బయల్దేరదీసింది.

డాక్టరు గడ్డను వేలితో నొక్కి చూశాడు. "ఎన్నాళ్లయింది పెద్దమ్మా?"

"రెండు నెల్లు సామీ," అంది అవ్వ, అమ్మ వైపు చూడకుండా.

డాక్టరు ముఖం మారిపోయింది. "రెండు నెల్లకే ఇంతయిందా? ఇంత బిరాన పెరిగేది మంచిది కాదు. బెంగళూరు పోవాల్సొస్తుంది."

అవ్వ కొంగు నలుపుకుంటూ కూర్చుంది. నాకేమో అనుమానం. నేసేటప్పుడు అవ్వ నాలుకతో బుగ్గలో దేన్నో కదుపుతుండడం ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. వక్క అనుకునేదాన్ని. పైగా అవ్వకు నెలలూ ఏళ్లూ లెక్కలోకి రావు, చీరలే లెక్క.

"అవ్వా, అది మొదట తగిలినప్పుడు మగ్గం మీద ఏ చీర ఉండె?"

"ఉమారాణి పెండ్లి చీర," అనేసి నాలుక కరుచుకుంది.

ఉమారాణి మా పిన్ని. పెళ్లయి ఏడేళ్లు.

"ఏడేండ్లు దాచిపెడ్తివా? నువ్వు మనిషివేనామ్మా?" అమ్మ అరుపుకు బయట బెంచీ మీది వాళ్లు తొంగిచూశారు.

"చెప్తే నా పొగాకు సంచి కాలవలో పారేస్తావు గదే!"

"కొట్లాట ఇంటికి పోయినాక పెట్టుకోండి," అన్నాడు డాక్టరు, కాగితం దగ్గరికి లాక్కుని. "అప్పుడు ఎంతుండె పెద్దమ్మా?"

"ఆవగింజంత. నెమలికంఠం రంగుది నేసేటప్పుడు జొన్నగింజంత. పోయినేడు బుటాల చీరకి శనగగింజంత. నొప్పి ల్యా, రక్తం ల్యా."

డాక్టరు చీరలన్నీ వరసగా రాసుకున్నాడు. నిదానంగా పెరిగింది, మెత్తగా ఉంది, వేలి కింద జారుతోంది, పసుపుపచ్చగా కనబడుతోంది. కొవ్వు గడ్డ కావచ్చు, నోట్లో అరుదుగా వస్తుంది, తీసి చూస్తేగానీ చెప్పలేనన్నాడు. మత్తు సూది వేసి, కోసి తీసి, సీసాలోని మందునీళ్లలో వేశాడు. అది మునగలేదు, పైకి తేలింది.

"తేలేది కొవ్వే," అని నవ్వాడు. "అయినా ల్యాబు వాళ్లు చెప్పేదాకా నేను చెప్పను."

ఆ వారమంతా అవ్వ పొగాకు ముట్టలేదు. దేవుడికి లంచం అనుకుంటాను.

ఎనిమిదో రోజు రిపోర్టు వచ్చింది. కొవ్వు గడ్డే, క్యాన్సర్ కాదు. అమ్మ ఆ కాగితం పట్టుకుని అవ్వ భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"నాలో కొవ్వు యాడుండాదే? అన్నీ ఎముకలే గదా!" అని అవ్వ ఆశ్చర్యపోయింది.

సాయంత్రం పక్కింటి యల్లక్క పరామర్శకు వచ్చింది. "ఎప్పుడు చూసుకుంటివి కుళ్ళాయక్కా?"

"కనపడిన దినమే మా పద్మజకు చెప్తి. నోటి సంగతి దాచకూడదు యల్లక్కా."

అమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. అవ్వను ఒకసారి పైనుంచి కిందికి చూసి లోపలికి పోయింది.