చాటెడు ఆకు దూరం

మొన్న జగిత్యాల బస్టాండులో నా పక్కన కూర్చున్న ముసలామె మూట విప్పగానే బీడీలు చుట్టే తడి తునికాకు వగరు వాసన గుప్పుమంది. దుబాయి ఎంత దూరమో నాకు మొదట చెప్పింది ఆ వాసనే.

కోరుట్లలో మా నాయినమ్మ ఎండాకాలం వేపచెట్టు కింద, వానాకాలం పెంకులు కారని మూలన, చలికాలం ఎండపొడ వెంట జరుగుతూ, ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. సద్దుల బతుకమ్మకు ఆమె చేసిన మలీద ముద్దల్లో బెల్లం కంటే తంబాకు వాసనే ముందు తగిలేది, అయినా మేం ఎగబడి తినేవాళ్లం. మా బాపు దుబాయిలో తాపీపని చేసేవాడు. సెలవుకు వస్తూ విమానం ఎక్కేముందు ఫోన్ చేస్తే, ఆమె వెంటనే కత్తిరించిన ఆకు చాట నిండా పోసుకొని కూర్చునేది. విమానానికి మూడున్నర గంటలని బాపు తమ్ముడు, మా చిన్నబాపు, ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టేది కాదు. చాట ఖాళీ కాగానే, "దిగిండు బిడ్డ. పొద్దుగూకేటాల్లకు ఇంట్లుంటడు" అనేది. నిజంగానే ఉండేవాడు.

తెలంగాణ కోసం బస్సులన్నీ ఆగిపోయిన రోజుల్లో తాత పోయాడు. పెద్దకొడుకు వచ్చి ముఖం చూసి తలకొరివి పెట్టాలి. మర్నాడు పొద్దున బాపు ఫోన్ చేశాడు, విమానం ఎక్కుతున్నానని. నాయినమ్మ ఏడుపు ఆపి లేచింది. చాట తెచ్చుకొని, అరుగు మీద పడుకోబెట్టిన తాత కాళ్ల దగ్గర కూర్చుంది.

పక్కింటామె చెయ్యి పట్టుకుంది. "పీనుగ పక్కన బీడీలేందక్కా? చూసేటోళ్లు ఏమంటరు?"

"నా కొడుకు ఆకాశంల ఉన్నడు. దిగేదాక చేస్త."

చాట ఖాళీ అయింది. బాపు దిగాడు కూడా. కానీ హైదరాబాదు నుంచి కోరుట్ల దాకా ఊరూరా రాళ్లు, కాలే టైర్లు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పులు. ఆపినవాళ్లను ఏమని తిట్టడం? మొన్నటిదాకా కోరుట్ల చౌరస్తాలో బండ్లు ఆపింది మా చిన్నబాపే. నాయినమ్మ మళ్లీ చాట నింపుకుంది. సాయంత్రానికి తంబాకు అయిపోయింది, దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. ఇక ఉత్త ఆకునే చుట్టి దారం కట్టడం మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ వద్దనలేదు.

ఐసుగడ్డ ఎక్కడా దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నానికి అగరుబత్తీలు కూడా శవం వాసనను ఆపలేకపోయాయి. పెద్దమనుషులు ఇక ఆగేది లేదన్నారు. చిన్నబాపే కొరివి పట్టాడు.

బాపు సిరిసిల్ల నుంచి నడిచి, చందుర్తి దగ్గర ఎవరి బండో ఎక్కి, దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. తెగిన చెప్పులు చేతిలో ఉన్నాయి. కడిగిన అరుగును చూసి నిలబడిపోయాడు.

"జరసేపు ఆగకపోతిరి అవ్వా."

నాయినమ్మ చాట ముందుకు జరిపింది. బాపు ఒక బీడీ తీసి వెలిగించాడు. లోపల ఏమీ లేని ఆకు భగ్గున మండి వేళ్లు కాల్చింది. అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లవాడిలా, గట్టిగా.

ఇప్పుడు నాయినమ్మ లేదు, వేపచెట్టు లేదు, మా వాడలో చాట ఒళ్లో పెట్టుకొని కూర్చునేవాళ్లూ లేరు. విమానం మాత్రం అంతే సేపు ఎగురుతుంది. తమ్ముడు దుబాయి నుంచి వచ్చినప్పుడల్లా దిగానని ఫోన్ చేస్తాడు. సరే అంటాను. గడప ముందు వాడు చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా, నా మటుకు వాడు దిగనట్టే.