జిగ్బోది మిస్సు నత్తగుల్ల

మా ఎవే భాషలో జిగ్బోది అంటే ఓర్పు. పుట్టిన పిల్ల ముఖం సరిగ్గా చూడకుండా పేరు పెడితే ఇలాగే ఉంటుంది. మా ఊరు పలిమే బజారులో టమాటాలు కుప్పపోసి అమ్మే మనిషి ధర చెప్పి నోరు మూసేలోపు ఈవిడ మూడు కుప్పలు దాటి వెళ్ళిపోయేది.

మా ప్రభుత్వ పాఠశాలలో ఆవిడ ఇంగ్లీషు చెప్పేది, నేను లెక్కలు. మా రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేదు. కాంట్రాక్టరుకు సిమెంటు చాలలేదట. దానివల్ల ఆవిడ పాఠాలన్నీ నా తరగతికి కూడా వినబడేవి. నా పిల్లలకు లెక్కలు రాకుండా ఇంగ్లీషు రావడానికి కారణం అదే. ఆ మాట నేను హెడ్మాస్టరుతో చాలాసార్లు అన్నాను. ఆయన నమ్మలేదు.

తొమ్మిదేళ్ళుగా జిగ్బోది టెంపరరీ. పదో ఏడు టెంపరరీ ఉండదని పైనుంచి కాగితం వచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి, పాఠం చూసి, బాగుందని రాస్తే పర్మనెంటు. లేదంటే జూన్‌లో ఇంటికి. ఇంట్లో ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు. మొగుడు రాజధాని లోమేలో ఉన్నాడని కొందరు, లేడని కొందరు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆవిడకు ఇంగ్లీషు వచ్చిన వైనం చెప్పాలి. చిన్నప్పుడు సరిహద్దు అవతల, ఘనాలో, హో పట్నంలో మేనత్త దగ్గర పెరిగింది. సరిహద్దు కర్ర దాటితే అక్కడా మావాళ్ళే, అదే భాష, అదే బెండకాయ పులుసు. బడి మాత్రం ఇంగ్లీషు. బళ్ళో ఎవే మాట్లాడితే బెత్తం. పదమూడో ఏట ఇటు తిరిగొచ్చి అప్పుడు నేను చదివే తరగతిలో చేరింది. ఇటు బడి ఫ్రెంచి. ఎవే మాట్లాడితే ఇక్కడ బెత్తం కాదు, సిగ్నల్.

సిగ్నల్ అంటే తాడుకు గుచ్చిన నత్తగుల్ల. పిడికిలంత ఉంటుంది. తల్లిభాషలో మాట జారినవాడి మెడలో వేస్తారు. వాడు ఇంకొకణ్ణి పట్టుకుని వాడి మెడలో వేసేదాకా మోయాలి. శుక్రవారం సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్ళు మరుగుదొడ్లు కడగాలి. ఫ్రెంచి ముక్క రాని జిగ్బోది మొదటి టర్ములో పదకొండు వారాలు మోసింది. నేనూ మోశాను. మా తరంలో అది మొయ్యని మెడ లేదు.

మేం పంతుళ్ళమయ్యేసరికి సిగ్నల్ పోయింది. దాన్ని బతికించింది ఎవరనుకున్నారు? జిగ్బోదే. కాకపోతే తిరగేసి బతికించింది. ఆవిడ తరగతిలో డెబ్భై రెండు మంది పిల్లలు, పదకొండు పుస్తకాలు, ఒక సుద్దముక్క. ఇంగ్లీషు మాట గుర్తుకు రాకపోతే ఎవేలో చెప్పొచ్చు, తప్పులేదు. ఫ్రెంచి మాట వచ్చిందా, గుల్ల మెడలో పడుతుంది. శుక్రవారం గుల్ల ఎవరి దగ్గరుంటే వాళ్ళు హెడ్మాస్టరుగారి మేకకు గడ్డి కోసుకురావాలి. హెడ్మాస్టరు దోగ్బే కాపురం బడి ఆవరణలోనే. ఊరికే వచ్చే గడ్డి చూసి ఆయనకు ఈ బోధన పద్ధతి మీద ఎంతో గౌరవం పుట్టుకొచ్చింది.

నిజం చెప్పొద్దూ, పిల్లలు మాట్లాడారు. ఫ్రెంచి క్లాసులో నేలచూపులు చూసే పల్లెటూరి పిల్లలు ఇక్కడ గొంతెత్తి అరిచేవాళ్ళు. ఇద్దర్ని వీపులానించి నిలబెట్టేది. ఒకడు తన చేతిలోని బొమ్మ ఎలా ఉందో ఇంగ్లీషులో చెప్పాలి, రెండోవాడు చూడకుండా గియ్యాలి. కోడి గియ్యమంటే పడవ వచ్చేది. కళ్ళకు గుడ్డ కట్టి, బెంచీల మధ్య కుడి ఎడమలు చెబుతూ నడిపించేది. గురువారం ఉత్తుత్తి కోర్టు. వాన మీద ఒకసారి కేసు పెట్టారు, తరగతి గది తడిపిందని. వాన నిర్దోషి అని తీర్పొచ్చింది. పైకప్పుకు శిక్ష పడింది.

ఇన్‌స్పెక్టరు అహోలు వచ్చింది కూడా గురువారమే. ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు కుర్చీ ఆరేళ్ళుగా ఖాళీ. అందుకని చరిత్ర, భూగోళం చూసే ఈయన్ని పంపారు. మనిషి భారీగా ఉన్నాడు, ఎండలో కూడా కోటు విప్పలేదు. హెడ్మాస్టరు టై కట్టుకుని పక్కనే కూర్చున్నాడు. నేను నా పిల్లలకు ఒక పొడుగాటి భాగహారం ఇచ్చి, గోడ పక్కన బెంచీ ఎక్కాను. కాసేపటికి నా పిల్లలూ ఎక్కారు.

ఆ రోజు ముద్దాయి హెడ్మాస్టరుగారి మేక. నేరం, సెలోమ్ అనే కుర్రాడి నోటు పుస్తకం తినడం. మేకను బల్ల కాలికి కట్టేశారు. జడ్జి ఎన్యోనాం, దర్జీ కూతురు, వాళ్ళమ్మ నల్లబట్ట భుజాన కప్పుకుని కుర్చీలో కూర్చుంది. మేక తరఫు వకీలు లేచి, వేయించిన అరటికాయ ముక్కలు నోటు పుస్తకంలో చుట్టి తెచ్చుకున్నవాడిదే తప్పు, మేకది కాదు అని ఇంగ్లీషులో వాదించాడు. వాదన బలంగానే ఉంది. సెలోమ్ మెడలో పొద్దుటి నుంచీ గుల్ల వేలాడుతోంది, అందుకని వాడు దిగాలుగా ఉన్నాడు.

అప్పుడు ఇన్‌స్పెక్టరు సగం లేచి ఫ్రెంచిలో అడిగాడు.

“మేడమ్, ఈ జంతువుకీ సిలబస్‌కీ సంబంధం ఏమిటో కాస్త చెబుతారా?”

డెబ్భై రెండు తలలు ఆయన వైపు తిరిగాయి. సెలోమ్ ముఖం వెలిగిపోయింది. వాడు ఎన్యోనాం వైపు చూశాడు. ఆ పిల్ల బల్ల మీద ఒక్కటి చరిచి “ఆర్డర్!” అంది. వాడు తిన్నగా నడిచి వెళ్ళి, గుల్ల తీసి, ఇన్‌స్పెక్టరుగారి మెడలో వేశాడు. తాడు సరిపోక చెవి దగ్గర చిక్కుకుంటే, మర్యాదగా సర్ది మరీ వేశాడు.

జిగ్బోది చేతిలో సుద్దముక్క విరిగింది. ఉన్న ఒక్కటీ అదే.

హెడ్మాస్టరు ఒంటికాలి మీద లేచాడు. “తియ్యి! తియ్యరా దాన్ని! వెధవా, ఎవరనుకున్నావ్ ఆయన!” అని అరిచాడు. అంతా చక్కటి ఫ్రెంచిలో.

ఇన్‌స్పెక్టరు ఆయన్ని చూశాడు. గుల్లను చూసుకున్నాడు. నెమ్మదిగా మెడలోంచి తీసి, రెండడుగులు వేసి, హెడ్మాస్టరు మెడలో టై మీదుగా వేశాడు.

పిల్లల కేకలకు పైకప్పు రేకులు అదిరాయి. నా వైపు బెంచీ మీదినుంచి ఇద్దరు పడ్డారు. అంత గోలలో ఇన్‌స్పెక్టరు ఎవేలో, అచ్చం మా అమ్మమ్మ మాట్లాడినట్టు అడిగాడు.

“ఇంతకీ ఈ మేక ఎవరిదమ్మా?”

“గుల్ల వేసుకున్నాయనది సార్,” అంది జడ్జి ఇంగ్లీషులో.

హెడ్మాస్టరు గుల్ల మెడలో ఉండగానే మేకను విప్పుకుని బయటికి నడిచాడు. తీర్పు వాయిదా పడింది.

తర్వాత పంతుళ్ళ గదిలో ఇన్‌స్పెక్టరు, జిగ్బోది ఎదురెదురుగా కూర్చున్నారు. నేను ఓ మూల జవాబు పత్రాలు దిద్దుతున్నట్టు నటించాను. అవి తలకిందులుగా పట్టుకున్నానని ఆయన వెళ్ళాక తెలిసింది.

“మా బళ్ళో గుల్ల కాదు, ఎద్దు దవడ ఎముక,” అన్నాడాయన ఎవేలోనే. “మూడు వారాలు మోశాను. ఒకరోజు ఇంటికెళ్ళి పక్కన పెడితే, మా అమ్మ పులుసుకని తెచ్చాననుకుని కుండలో వేసేసింది.”

“మరేం చేశారు సార్?”

“ఏం చేస్తాను, తిన్నాను. పొద్దున్నే వెళ్ళి దెబ్బలూ తిన్నాను.” ఆయన నవ్వి, వెంటనే ఆపేశాడు. “ఇందాక మీ హెడ్మాస్టరు మెడలో వేసినప్పుడు నాకెంత హాయిగా అనిపించిందో తెలుసా అమ్మాయ్? యాభై నాలుగేళ్ళవాణ్ణి. ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్న ఫ్రెంచి ఏమీ లేదు. ఎవడు దొరుకుతాడా అని చూడ్డం నేర్చుకున్నాను. ఇవాళా అదే చేశాను.”

“మా పిల్లలు నవ్వుకుంటారండీ. ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరు.”

“నువ్వు మోసినప్పుడు మాత్రం నవ్వనివాళ్ళెవరు? నువ్వు తప్ప.”

ఆవిడ విరిగిన సుద్దముక్కలు రెండూ నెమ్మదిగా బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఇరవై ఏడేళ్ళుగా ఎరిగినవాణ్ణి, ఆవిడ ఏ పనైనా నెమ్మదిగా చెయ్యడం అదే మొదటిసారి చూశాను. ఆయన కాగితాలు మూసేశాడు.

“సోమవారం మళ్ళీ వస్తాను. గుల్ల లేకుండా పాఠం చూపించు. అప్పుడు రాస్తాను.”

ఆయన గేటు దాటేదాకా ఆగి, జిగ్బోది నా మీద విరుచుకుపడింది.

“మ్యాపులు వేలాడదీసుకునేవాడు నాకు ఇంగ్లీషు ఎలా చెప్పాలో చెబుతాడా! గుల్ల తీసేస్తే పది నిమిషాల్లో క్లాసంతా ఫ్రెంచిలోకి జారుకుంటుంది. ఆపైన నేను మా అమ్మ పక్కన కూర్చుని కసావా దుంపల చెక్కు తీసుకోవాలి!”

“తీసేసి చూడు,” అన్నాను.

“నీకేం, చెబుతావ్. రెండూ రెండూ నాలుగని చెప్పడానికి ఏ భాషైనా ఒకటే.” తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. “మొదటిసారి నా మెడలోంచి తీసి ఎవరికి వేశానో నీకు గుర్తుందా?”

గుర్తుండకపోవడమేమిటి. నాకే. బడి కంచె దగ్గరికి మా అమ్మమ్మ అలసంద వడలు తెచ్చింది. ఆవిడకు ఫ్రెంచి రాదు, నేనేం చెయ్యను, ఎవేలోనే మాట్లాడాను. పదకొండు వారాలుగా కాచుకుని ఉన్న జిగ్బోది కంచె వెనకనుంచి పరుగెత్తుకొచ్చింది. మా అమ్మమ్మ అదేదో బహుమతి అనుకుని “బాగుందిరా” అంది. ఆ తర్వాత ఎప్పుడూ కంచె దగ్గరికి రావద్దని నేనే ఆవిడకు చెప్పాను. రాలేదు. అది తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. జిగ్బోది మీద కాదు, నా మీద.

“గుర్తులేదు,” అన్నాను.

“అబద్ధాలకోరు,” అంది జిగ్బోది.

సోమవారం హెడ్మాస్టరు గుల్లను పాత పేపర్లో చుట్టి తెచ్చి, ఏదో చచ్చిన ఎలుకను పెట్టినట్టు బల్ల మీద పెట్టి పోయాడు. మూడు రోజులూ ఆయన ముందు ఎవరూ ఫ్రెంచి మాట్లాడకపోవడంతో దాన్ని వదిలించుకునే దారి దొరకలేదట. ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. జిగ్బోది రాత్రంతా నిద్రపోలేదని ముఖమే చెబుతోంది. కోర్టు మళ్ళీ మొదలైంది. ఈసారి నేను భాగహారం ఇవ్వలేదు. అందరం ఒకేసారి బెంచీలెక్కాం.

ఎన్యోనాం తీర్పు చదివింది. మేక దోషి. శిక్ష, యావజ్జీవం నత్తగుల్ల మొయ్యడం. ఎందుకని వకీలు అడిగితే, “ఇది మాత్రమే ఇంకొకరి మెడ వెతకదు,” అంది. ఆ పిల్లకు ఆ మాట జిగ్బోది చెప్పి పెట్టిందా, తనకే తోచిందా అన్నది నేను ఇంతవరకూ కనుక్కోలేకపోయాను. గుల్ల మేక మెడకు కట్టి బయటకు తోలేశారు.

ఆపైన వీపులానించి బొమ్మలు గియ్యడం. ఐదు నిమిషాలైందో లేదో ఒక పిల్ల నోట ఫ్రెంచి మాట జారింది. అలవాటుకొద్దీ తలలన్నీ గుల్ల కోసం తిరిగాయి. గుల్ల లేదు. జిగ్బోది రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. సరిగ్గా అప్పుడే కిటికీ అవతల మెడలో గుల్లను టక్ టక్‌మనిపిస్తూ మేక నడిచింది. క్లాసు గొల్లుమంది. పక్కవాడెవడో ఇంగ్లీషు మాట అందించాడు. ఆ పిల్ల అందుకుని బొమ్మ చెప్పడం సాగించింది. గంటలో పన్నెండు ఫ్రెంచి మాటలు లెక్కపెట్టాను, నాకు వచ్చిన పని అదొక్కటే కదా. పన్నెండింటికీ ఎవరో ఒకరు ఇంగ్లీషు అందించారు. సెలోమ్ అయితే మూడు అందించాడు. వాడి నోట అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు.

ఇన్‌స్పెక్టరు రాసుకుంటూనే ఉన్నాడు. ఏం రాశాడో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మే నెలలో కాగితం వచ్చింది. పంతుళ్ళ గదిలో జిగ్బోది అది విప్పి, పర్మనెంటు అన్న మాట దగ్గర ఫ్రెంచిలో గావుకేక పెట్టింది. బయట గుల్ల టక్‌మంది. ఠక్కున నోరు మూసుకుంది. చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది. చూస్తే నా చెయ్యీ నా మెడ మీదే ఉంది.

“ఇంకా పోలేదు కదూ,” అంది ఎవేలో.

“పోలేదు.”

“ఆవేళ మీ అమ్మమ్మ వడల్లో ఒక్కటి కూడా నాకు పెట్టలేదు నువ్వు.”

“మెడలో గుల్ల వేసి వడ అడుగుతావా?”

మర్నాడు పొద్దున్నే ఒక గంపెడు అలసంద వడలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏమీ అనకుండా పోయి తన క్లాసులో అరవడం మొదలుపెట్టింది. వడల వాసనకు హెడ్మాస్టరు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాడు. కిటికీలోంచి మేక కూడా తల పెట్టింది. మేకకు రెండు పెట్టాను. మిగతావన్నీ నేనే తిన్నాను.