కడపకాడ కొలిచిన చక్రం

మొన్న ఆదివారం మా మనవరాలు తన కారుకు కొత్త టైర్లు వేయించాలని సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోనులో కారు నంబరు కొట్టిందో లేదో, ఆ ఫోను టైరు లావెంత, ఎత్తెంత, చక్రమెంత అన్న మూడు అంకెలూ గడగడా చెప్పేసి, రేపు పది గంటలకు మనిషి ఇంటికే వచ్చి బిగించి పోతాడని కూడా సెలవిచ్చింది. ఆ పిల్ల లేచి కారు దాకా పోయిందీ లేదు, వంగి చక్రం మొహం చూసిందీ లేదు. నేను పక్కన చిక్కుళ్ళు గిల్లుతూ కూర్చుని, ఇంతేనా ఈ పని, అని నోరు తెరిచాను. టైరు సైజు కనుక్కునే పనిలో ఒకప్పుడు నెలన్నర రోజులు, ఒక పెద్దమనిషి పరువు, నా చదువూ కూడా పణంగా పెట్టినదాన్ని కదా, ఆ మాత్రం ఆశ్చర్యం తప్పదు.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ మూడేళ్ళు నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. గుడారాల్లో ఆఫీసులు, గాలి వీస్తే కాగితాల వెంట పరుగెత్తే గుమాస్తాలు, అదో సంబరం. రాజధాని హైదరాబాదుకు తరలిపోయినప్పుడు మోసుకుపోలేని బల్లలూ బీరువాలూ చాలామంది అక్కడే వదిలించుకున్నారు. ఒక ఆఫీసరు తన నల్ల కారునే వదిలించుకున్నాడు. దాన్ని తెచ్చుకున్నది కోయిలకుంట్ల పక్క పల్లెలో ఉండే మా మామ, అంటే మా ఆయన తండ్రి. నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చిన రెండు నెలలకు కారు కూడా వచ్చింది. మా ఇద్దరిలో మర్యాదంతా దానిదే. దానికి పొద్దున్నే స్నానం చేయించి తుడవడానికి డ్రైవరు సాహెబు ఉండేవాడు, నా నీళ్ళు నేనే తోడుకోవాలి.

పైగా అది మామ ముందర ఎంత కేక పెట్టినా ముద్దే. నేను మామ ఎదుట పడకూడదు, పడినా పలకకూడదు. ఆ రోజుల్లో కొత్త కోడళ్ళందరిదీ అదే కట్టుబాటు గనుక నాకు పెద్ద కష్టమనిపించలేదు. నేను మామకు చెప్పవలసినవన్నీ అత్తకు చెప్పేదాన్ని, ఆయన నాకు చెప్పవలసినవన్నీ అత్తే మోసుకొచ్చేది. మా అత్త ఆ ఇంటికి పోస్టాఫీసు. కాకపోతే ఆ పోస్టాఫీసులో ప్రతి ఉత్తరాన్నీ విప్పి చదివి, తనకు తోచినట్టు తిరగరాసి, అప్పుడు బట్వాడా చేసేవారు. నేను సాయంత్రం తలనొప్పిగా ఉందంటే, కోడలికి పుట్టింటి మీద మనసైందంట అని మామకు చేరేది. మరునాడు మా నాయన గుర్రబ్బండిలో దిగి, ఏమైందమ్మా అని ఆదుర్దాగా అడిగేవాడు.

నేను ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యాను. ఆ ఊళ్ళో ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే గనుక ఆ సంగతి చెప్పుకోకుండా ఉండడం అప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకావడం లేదు. కడపలో పంతులమ్మల ట్రైనింగులో చేరాలని నా కోరిక. మా ఆయన మద్రాసులో లా చదువుతుండేవాడు గనుక, ఆయన వచ్చేలోగా నేనూ ఒక చదువు పూర్తిచేసుకోవచ్చని మా నాయన నిశ్చితార్థం నాడే మామ దగ్గర మాట తీసుకున్నాడు. మామ మాట తప్పే మనిషి కాదు. అయితే ఆ మాటకు ఆయన తనే ఒక తోక తగిలించాడు. మా ఇంటి కోడలు కడపకు పోతే కారులో పోతాది, బస్సులో నలుగురి మధ్య నలిగి పోయేది లేదు, అని. ఇంటర్వ్యూకు రమ్మని కడప నుంచి కార్డు వచ్చేనాటికి గడువు నెలన్నర ఉంది. కారు మాత్రం నాలుగు కాళ్ళూ చాపి వాకిట్లో పడుకుని ఉంది.

మా రేగడి నేలల్లో వానకు మెత్తబడి ఎండకు బిగుసుకున్న బండిచక్రాల గాడుల్లో నడిచి, దారి పొడుగునా తుమ్మముళ్ళు తిని, ఆ టైర్లు బోడిగుండ్లయ్యాయి. ఒకటి చీలిపోయింది, మిగతావి చీలడానికి ముహూర్తం చూసుకుంటున్నాయి. కొత్తవి కర్నూలు నుంచి తెప్పించాలంటే సైజు రాసి పంపాలి. ఆ సైజు టైరు పక్కన అచ్చుపోసి ఉంటుంది గానీ, ఆ గాడుల అంచులకు రాసుకుని రాసుకుని ఆ రాతలూ అరిగిపోయాయి. ఒకదాని మీద ఐదు మిగిలితే ఇంకొకదాని మీద సున్నా మిగిలింది. నాలుగింటినీ కలిపి చదివితే ఐదున్నర, అంటే టైరు లావు, తేలింది. దాని పక్కన అడ్డగీత, గీత పక్కన ఒకటి. ఆ ఒకటి పక్కన ఉండవలసిన అంకె మాత్రం ఏ టైరూ చెప్పలేదు. అది చక్రం అడ్డకొలత. పదిహేనా, పదహారా, పదిహేడా? కారు అమ్మిన ఆఫీసరుకు రాస్తే జవాబు రాలేదు.

ఇక చక్రాన్ని కొలవడమే గతి. అంగుళాల టేపు ఆ ఇంట్లో ఉన్నది నా కుట్టుమిషను సొరుగులోనే. ఆ టేపును చదివే చదువు కూడా నాదేనని మామ తీర్మానించి, అత్త ద్వారా నాకు కబురంపాడు. ఇంట్లో చక్రం తిప్పే కోడళ్ళని అంటుంటారే, నాకు ఆ యోగం పెళ్ళయిన తొలి ఏడే పట్టింది, అదీ నిజం చక్రం.

సాహెబు టైరు ఊడదీసి, వట్టి ఇనుప చక్రాన్ని పెరటి వాకిలి దాకా దొర్లించుకొచ్చి, నేను తలుపు వెనక ఉన్నానని తెలిసి మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు. ఆయన లారీలు నడిపిన మనిషి, ఎక్కడ కొలవాలో ఆయనకు తెలుసు. చక్రానికి రెండు వైపులా పైకి లేచిన అంచులుంటాయి, వాటిని ఆయన పెదిమలనేవాడు. టైరు కూర్చునేది ఆ అంచుల మీద కాదు, వాటి మధ్య పల్లంలో, దానికి ఆయన పెట్టుకున్న పేరు కడుపు. నాతో నేరుగా చెప్పకూడదు గనుక, రోట్లో మిరపకాయలు దంచుతున్న అత్తకు చెప్పాడు.

"కోడలమ్మకు జెప్పమ్మా, చక్రం కడుపు కొలవాల."

రోకటి పోటుకూ పోటుకూ నడుమ అత్త ఆ మాటను అందుకుని, తన పద్ధతిలో బట్వాడా చేసింది.

"కడపకాడ కొలవాలంటనే."

మా వైపు గడపను కడప అంటామని మీలో చాలామందికి తెలుసు. నాకూ అనుమానం రాలేదు. గడప చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ పెట్టి కొలిస్తే కొలత సరిగ్గా వస్తుంది కాబోలు, సాహెబు తెలివైనవాడే, అనుకున్నాను. పైగా కడప అన్న మాట వింటేనే ఆ రోజుల్లో నా ప్రాణం లేచొచ్చేది. అత్త చేయి కడుక్కుని వచ్చి, గడపెక్కిన వస్తువు గదా అని చక్రానికి పసుపు పూసి కుంకుమ పెట్టింది. నేను జాకెట్టు చుట్టుకొలత తీసినంత శ్రద్ధగా ఈ పెదిమ నుంచి ఆ పెదిమకు టేపు లాగి చూశాను. పదిహేడుంబావు వచ్చింది. ఆ పావు పసుపుకు పోయిందనుకుని, పదిహేడు అని ప్రకటించాను.

ఆ ప్రకటనకు అడ్డుపడినవాడు బండ్లు చేసే వడ్రంగి, వడ్ల తాత ఒక్కడే. ఎద్దులబండి చక్రానికి వేసే ఇనుప పట్టాను చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, నిప్పుల్లో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు ఎక్కించి నీళ్ళు చల్లితే అది చల్లారి చక్రాన్ని ఉడుంలా పట్టుకుంటుంది. ఆయన యాభై ఏళ్ళుగా చేస్తున్న పని అది. ఆయన మా వాకిటి అరుగు మీద నుంచే కేకేశాడు.

"పాపా, ఇనుమైనా రబ్బరైనా పట్టా పట్టానే. అంగుళం తగ్గించి రాయి. లేకుంటే నిలవదు."

నేను తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. రబ్బరును కాల్చి ఎక్కిస్తాడంట తాత, అని అత్తతో అన్నాను. ఎస్సెస్సెల్సీ మరి! కార్డు మీద ఐదున్నర, పదిహేడు, నాలుగు టైర్లు అని మంచి దస్తూరితో రాసి పంపాను.

టైర్లు వచ్చేసరికి నెల దాటింది. వాటికోసం నేను రోజూ మిద్దెక్కి కర్నూలు బాట చూసేదాన్ని, మా ఆయన ఉత్తరం కోసం కూడా అంతగా చూసి ఎరగను. ఇంటర్వ్యూకు సరిగ్గా నాలుగు రోజులుండగా బస్సు టాపు మీద నుంచి నాలుగు కొత్త టైర్లు దిగాయి. ఊరంతా మూగింది. సాహెబు ఒకదాన్ని చక్రం మీద పెట్టాడు. అది బిగుసుకోవలసింది పోయి, సన్నటి పిల్ల చేతికి వేసిన పెద్దమ్మ గాజులాగా గిర్రున తిరిగింది. గాలి కొడితే ట్యూబు పక్క సందులోంచి నాలుక చాపి వెక్కిరించింది.

అప్పుడు మొదలైంది రచ్చ.

"నేను కడుపు అంటిని గదమ్మా!"

"కడప అంటివి. నా చెవులు బాగనే ఉండాయి."

"కడపలో ఏముండాదమ్మా కొలిచేకి!"

వడ్ల తాత అరుగు మీద కూర్చుని, అంగుళం, అంగుళం, అని ఒక్క ముక్కే జపం చేస్తున్నాడు. మామకు తల కొట్టేసినట్టయింది. ఊరి ముందర కోడలిని కారులో పంపిస్తానన్న మనిషి. ఆ కోపమంతా ఎటు మళ్ళాలో తెలియక సాహెబు మీదికి మళ్ళింది. చేతగాకపోతే చేతగాదని చెప్పాల్సింది, తాళాలు ఆడ పెట్టి పో, అనేశాడు. సాహెబు చేతులు తుడుచుకుని, జేబులోంచి తాళాలు తీశాడు.

నాకు ఆ నిమిషంలో ధైర్యం వచ్చిందని చెప్పుకుంటే అబద్ధం. అయినా తలుపు దాటి, వసారా దాటి, మగవాళ్ళ మధ్యకు వచ్చి నిలబడ్డాను.

"నేనే తప్పు కొలిచినా మామా. ఆయన తప్పేమీ లేదు."

వాకిట్లో గాలి ఆగిపోయింది, ట్యూబులోది తప్ప. మామ నన్ను చూడలేదు. అత్త వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఏమే, ఈ పిల్ల మాట్లాడుతాదా?"

అత్త ఏదో తిరగరాసి చెప్పబోయింది గానీ, అప్పటికే ఆయన నా వైపు తిరిగాడు. మరి సరైన సైజు ఎంతమ్మా, అని నన్నే అడిగాడు. నేను సాహెబు దగ్గర చక్రం తీసుకుని, నడివాకిట్లో గొంతుకూర్చుని, ఆయన చూపించినచోట, కడుపులో, టేపు పెట్టాను. పదహారు. రవ్వంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. వడ్ల తాత పట్టా లెక్క వేరే, అయినా వచ్చిన అంకె అదే. పదహారణాల తెలుగు కోడలినని పేరుతెచ్చుకోవలసినదాన్ని, ఆ పదహారును పట్టుకోలేకపోయాను. రూపాయికి అణాలు పోయి నయాపైసలొచ్చిన ఏడు అది, పదహారుకు విలువ పోయిన కాలమని సరిపెట్టుకుందామనుకున్నా గానీ, ఆ పూట ఎవరికీ నవ్వే ఓపిక లేదు.

టైర్లు మార్చి తెప్పించడానికి మళ్ళీ నెల పడుతుంది. సీటు అన్నాళ్ళు ఆగదు. నోరు ఎలాగూ తెరిచాను గదా అని, బస్సులో పోదాం మామా, అన్నాను. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని కారు వైపు చూశాడు. వడ్ల తాతే అందుకున్నాడు.

"పో అప్పా. బస్సుకైతే టైరు కొలత మనల్ని అడగరు."

మామ పెదవి చివర కదిలింది. సాహెబుకు తాళాలు తిరిగి ఇచ్చేశాడు.

మూడోనాడు తెల్లవారి మామా నేనూ జమ్మలమడుగు బస్సు దగ్గర నిలబడ్డాం. మామ తలకు జరీ రుమాలు చుట్టి, భుజాన ఉత్తరీయం వేసి, పెళ్ళికి పోయినట్టు వచ్చాడు. ఎక్కబోతూ ఆగి, వంగి, బస్సు టైరు పక్కనున్న అంకెను చూపించి నన్ను చదవమన్నాడు. నేను చదువుతుంటే వెనక జనం తోసుకుంటున్నారు.

"ఎక్కుతావా, కొలుస్తావా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు.

అంతమందిలో మామను ఒకడు అలా అనడం అదే మొదలు, ఆయన నవ్వడం నేను చూడడమూ అదే మొదలు. జమ్మలమడుగులోనూ ప్రొద్దుటూరులోనూ బస్సులు మారి కడప చేరేలోగా, ఆయన నాతో మాట్లాడిన మాటలు ముందరి ఎనిమిది నెలల్లో అత్త మోసుకొచ్చిన మాటలకంటే ఎక్కువ. ఏ బడిలో చదివావు, లెక్కలు ఎవరు చెప్పినారు, మద్రాసులో మావాడు సరిగా తింటాండాడా, ఉత్తరంలో ఏం రాస్తాడు, అని. ఆఖరి ప్రశ్నకు మాత్రం నేను పాత కట్టుబాటు గుర్తుతెచ్చుకుని తల దించుకున్నాను. ఇంటర్వ్యూలో నన్నేం అడిగారో చాలా వరకు మరిచిపోయాను. మామను మించి భయపెట్టేవాళ్ళు అక్కడ ఎవరూ కనబడలేదని మటుకు గుర్తుంది. సీటు వచ్చింది.

తర్వాత పదహారంగుళాల టైర్లూ వచ్చాయి. సెలవులయ్యాక నన్ను కడపలో దింపడానికి ఆ కారు చాలాసార్లు వచ్చింది. నేను పంతులమ్మనై, పిల్లల తల్లినై, ఆ కారు ఇనుప సామాన్లవాడి పాలయ్యాక కూడా ఆ ఇంట్లో ఒక అలవాటు మిగిలింది. ఎక్కడ ఏ అంకె కనబడినా మామ నన్నే కేకేసేవాడు. మందు సీసా మీద ఎన్ని చుక్కలని ఉంది, కరెంటు మీటరు ఎంత తిరిగింది, పంచాంగంలో తిథి ఎన్ని ఘడియలుంది, చూసి చెప్పమ్మా, అని. కంటి చూపు బాగున్న రోజుల్లోనూ అడిగేవాడు, చూపు మందగించాక మరీ అడిగేవాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నా, కాపీలు దిద్దుతున్నా లేచి పోయి చదివి చెప్పేదాన్ని. కొన్నిసార్లు విసుక్కునేదాన్ని కూడా, అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరితో ఎవరైనా నేరుగా మాట్లాడవచ్చు. తలుపుల చాటూ లేదు, మాటలు మోసే అత్తలూ లేరు. ఎవరి అంకెలు వాళ్ళ అరచేతిలోనే వెలుగుతుంటాయి, తప్పు పోవు. ఇంత సుఖాన్ని కాదనలేను. అయినా సాయంకాలం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ముందు గదిలోంచి ఎవరో, ఇది ఎంతో చూసి చెప్పమ్మా, అని కేకేసినట్టనిపిస్తుంది. కళ్ళద్దాల కోసం తడుముకుంటాను.