అతికిన చేత్తోనే

నిన్న సాయంత్రం మన్సూరాబాద్‌లోని మా ఇంటి వరండాలో కూర్చొని మనవరాలు, కలయికకు ఎడబాటు, పొత్తుకు వేర్పాటు అంటూ వ్యతిరేక పదాలు వల్లెవేస్తుంటే, అద్దాలు పెట్టుకొని ఆ పేజీ నేనూ చదివాను. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఎవరు ఏం చదువుతున్నా తొంగిచూడకుండా ఉండలేను. చదువుతుంటే మా ఆయన అన్న, మా బావగారు గుర్తొచ్చారు.

పోచంపల్లి దగ్గర మా ఊళ్లో మాది ఉమ్మడి ఇల్లు, రెండు మగ్గాలు. నేతగాళ్ల ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలిసిందే, నేసిన చీరను మగ్గం మీంచి కోసినా పాత పడుగు, అంటే నిలువు పోగుల, కొసలను దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచి, కొత్త పడుగు పోగులను వాటికి ఒక్కొక్కటిగా, వేళ్లకు బూడిద అద్దుకొని, మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. మా ఇంట్లో ఆ పని నాదే, నేను అతికింది తెగిందని ఎవరూ అనలేదు. మా ఆయన పోయిన మూడో నెలలో బావగారు ఒక కాగితం తెచ్చి, మగ్గాలు రెండూ ఒక్క పేరు మీదుంటే నూలు సులువుగా దొరుకుతుందని నచ్చజెప్పి, "కలుపుకుంటున్నం బిడ్డా, విడదీస్తలేం. వేలెయ్యి" అన్నారు. వేశాను. ఇల్లూ మగ్గమూ వదులుకొని నేను వేరుపడుతున్నానని అందులో రాసి ఉందట. తోడికోడలు నా సామాను వాకిట్లో పెట్టిన రోజున తెలిసింది.

బావగారు అంతటితో ఊరుకుని ఉంటే ఏమోగానీ, పెళ్లి చీరలు నేయాల్సిన కొత్త పడుగు చూపించి, "పోయేముందు జర గిది అతికిపో" అన్నారు. సరేనని కూర్చున్నాను. బూడిద అద్దుకున్నాను. రెండు మగ్గాల పాత కొసలూ అచ్చుల్లోంచి ఒక్కటి మిగలకుండా లాగేశాను. మళ్లీ మొదటి నుంచి ఒక్కో పోగు ఎక్కించుకోవాలి, ఆ ఇంట్లో ఆ ఓపిక ఎవరికీ లేదు. పెళ్లివాళ్లు వేరే ఇంట్లో నేయించుకున్నారని తర్వాత విన్నాను. కొడుకును చంకనేసుకొని ఎల్బీనగర్ చేరి, కిరాయి గదిలో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలకు ఫాల్స్ కుట్టి బతికాను. చదువు నేర్చింది కూడా భక్తి పుస్తకాల కోసం కాదు, ఆ కాగితం నకలు నా కళ్లతో చదవడానికి. 'ఇష్టపూర్వకంగా' అన్న మాట కూడబలుక్కోవడానికి మూడు రోజులు పట్టింది.

నిరుడు బావగారు కర్ర ఊతంతో వచ్చి, కొడుకులు మగ్గాలు అమ్మి ఎవరి దారిన వాళ్లు పోయారని చెప్పుకొని, చివరికి అడిగారు.

"గా పొద్దు పోగులు ఎలుకలు గుంజినయా, నువ్వా?"

"నేనే బావా. రెండు చేతులతోటి."

చాయ్ ఇచ్చాను, కూర్చోమనలేదు. దానికీ నాకు బాధ లేదు.

'అతకడం' అన్న మాట మనవరాలి పుస్తకంలో లేదు. దాని వ్యతిరేకం నేను చెప్పగలను. అతకడం ఎట్లాగో చూపిద్దామంటేనే, ఈ గ్యాసు పొయ్యి ఇంట్లో వేళ్లకు అద్దుకునే చిటికెడు బూడిదైనా లేదు.